ప్రేమ ఉంటే మాట వింటామా, మాట వింటేనే ప్రేమా?



మొన్నటి వీడియోలో కృష్ణా తీరం నరసింహ క్షేత్రాల గురించి మాట్లాడుకున్నాం. వీడియో అన్నాక గుడి, దారి, దర్శనం, ప్రసాదం చెప్పేసరికే టైమ్ అయిపోతుంది. అసలు చెప్పాలనుకున్న మాట మిగిలిపోయింది. దాన్ని ఇక్కడ రాస్తున్నాను. కాస్త తీరిక చేసుకుని చదవండి.

“ప్రేమ ఉంటే నా మాట వింటావు.” ఈ ఒక్క మాటను మనం చాలామంది నోట వింటాం. ఇంట్లో నాన్న అంటాడు. లవ్ చేసుకున్నవాళ్లు ఒకరితో ఒకరు అంటారు. శాస్త్రంలో దేవుడు కూడా భక్తుడితో దాదాపు ఇదే అంటాడు. మాట ఒక్కటే. కానీ ఒకచోట అది మనిషిని నిలబెడుతుంది, ఇంకోచోట మనిషి ప్రాణమే తీస్తుంది. రెండింటినీ విడదీసి చూడటం ఎలా? ఈరోజు విషయం ఇదే.

మూడు ఊళ్లు, ముగ్గురు నరసింహులు

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు ఒక విశేషం ఉంది. ఏ ఊరి నుంచి బయల్దేరినా కొద్ది దూరంలోనే నరసింహస్వామి ఉంటాడు. సూర్యాపేట దాటి విజయవాడ వైపు హైవే మీద వెళ్తుంటే దగ్గర్లోనే ఉండ్రుగొండ గుట్ట మీద లక్ష్మీనరసింహుడు. కోదాడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా వెళ్తే కృష్ణ ఒడ్డున గుహలో వెలిసిన మట్టపల్లి స్వామి. మిర్యాలగూడ నుంచి దామరచర్ల దాటితే కృష్ణా, మూసీ కలిసేచోట వాడపల్లి స్వామి.

వాడపల్లి గర్భగుడిలో రెండు దీపాలు చూపిస్తారు. స్వామి ముఖం ఎత్తులో ఉన్న దీపం ఆయన ఊపిరికి కదులుతూ ఉంటుందని, కింద ఉన్న దీపం కదలకుండా నిలకడగా వెలుగుతుందని చెబుతారు. చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఈ రెండు దీపాలనూ మనసులో పెట్టుకోండి, మళ్లీ వాటి దగ్గరికి వద్దాం.

ఇంతమంది నరసింహుల మధ్య పుట్టి పెరిగిన మనకు ప్రహ్లాదుడి కథ ఎవరూ కూర్చోబెట్టి చెప్పక్కర్లేదు. సినిమాల్లో చూశాం, నాయనమ్మ చెబితే విన్నాం. కానీ ఆ కథలో ఒక సీన్ మనం త్వరగా దాటేస్తాం. స్తంభం పగిలే సీన్ కోసం ఎదురుచూస్తూ దాని ముందున్నదాన్ని వదిలేస్తాం.

ఒడి

భాగవతం ఏడో స్కంధంలో హిరణ్యకశిపుడు కొడుకు దగ్గర మొదట్లోనే రాక్షసుడిలా కనిపించడు. చదువు నుంచి ఇంటికి వచ్చిన చిన్న కొడుకును ఒడిలో కూర్చోబెట్టుకుంటాడు. తల ముద్దు పెట్టుకుంటాడు. ఆనందంతో కళ్లలో నీళ్లు వస్తాయి. “నాన్నా, ఇన్నాళ్లూ గురువుల దగ్గర నేర్చుకున్నదాంట్లో మంచిదేదో ఒకటి చెప్పు” అని ముద్దుగా అడుగుతాడు. అచ్చం మన ఇళ్లలో నాన్నలు అడిగినట్టే.

పిల్లాడు తనకు నిజంగా మంచిదనిపించింది చెబుతాడు. విష్ణుభక్తి గురించి చెబుతాడు. అది తండ్రికి నచ్చని జవాబు. అప్పుడు తండ్రి ఏం చేశాడు? ముద్దు చేసిన అదే ఒడిలోంచి పిల్లాణ్ని నేలమీదికి విసిరేశాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. హిరణ్యకశిపుడికి కొడుకు మీద ప్రేమ లేదా? ఉంది. ఆ కన్నీళ్లు నాటకమని భాగవతం ఎక్కడా చెప్పదు. కానీ ఆ ప్రేమకు ఒక కండిషన్ ఉంది. జవాబు నచ్చినంతసేపే ఒడి, నచ్చకపోతే నేల. తర్వాత ఏనుగులతో తొక్కించడం, పాములతో కరిపించడం, కొండ మీంచి తోయించడం, విషం పెట్టించడం, మంటల్లో పడేయడం, అన్నీ ఆ ఒక్క కండిషన్ నుంచే పుట్టాయి.

ఇంకో సంగతి. ప్రహ్లాదుడు తండ్రి మాట వినని పిల్లాడు కాదు. బడికి వెళ్లమంటే వెళ్లాడు. చండామార్కులు చెప్పిన పాఠాలన్నీ శ్రద్ధగా విన్నాడు, అడిగితే తిరిగి అప్పజెప్పాడు కూడా. తండ్రిని ఒక్క తిట్టు తిట్టలేదు. ఎదురు చెప్పినప్పుడు కూడా మర్యాద తప్పలేదు. కాదన్నది ఒకే ఒక్క విషయంలో. నా మనసులో ఎవరుండాలో నువ్వు నిర్ణయించలేవు అన్నచోట.

మిర్యాలగూడ, 2018

పురాణం మాట్లాడేటప్పుడు మన ఊరి సంగతి దాచి మాట్లాడితే అది సగం మాటే అవుతుంది. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఏం జరిగిందో మీలో చాలామందికి తెలుసు. కులాంతర వివాహం చేసుకున్న ఒక దళిత యువకుడు, గర్భవతి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తుంటే పట్టపగలు నరికి చంపారు. సీసీ కెమెరాలో రికార్డయిన ఆ దృశ్యం ఫోన్లలో తిరిగింది. కేసులో మొదటి నిందితుడు ఆ అమ్మాయి తండ్రే. విచారణ ముగియకముందే 2020 మార్చిలో ఆయన చనిపోయాడు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, మరో ఆరుగురికి జీవిత ఖైదు విధించింది.

ఇక్కడ పేర్లు రాయడం లేదు. ఆ కుటుంబాల బాధ మన పోస్టుకు సరుకు కాకూడదు. కానీ అప్పట్లో వినిపించిన ఒక మాట గురించి మాట్లాడక తప్పదు. “కూతురంటే అంత ప్రేమ కాబట్టే తట్టుకోలేకపోయాడు.” ఇలా అన్నవాళ్లు కొద్దిమందేం కాదు. చదువుకున్నవాళ్లు కూడా అన్నారు. గుళ్లకు వెళ్లేవాళ్లు కూడా అన్నారు.

నరసింహస్వామికి దండం పెట్టుకునే మనం ఆ మాట అనొచ్చా? ఇదే నా ప్రశ్న. ప్రేమ అనే పేరు పెట్టుకుని మాట వినలేదని ప్రాణం తీయడాన్ని ఏమంటారో మన భాగవతం ఎప్పుడో చెప్పింది. అది ఒడిలోంచి విసిరేసే ప్రేమ. దానికి కులం అనే అహంకారం తోడైతే ఎంతదూరం వెళ్తుందో మన జిల్లా కళ్లారా చూసింది. స్తంభంలోంచి స్వామి వచ్చింది అలాంటి ప్రేమను ఆపడానికే. మనం గుడిలో స్వామి పక్షాన నిలబడి, బయటికొచ్చాక హిరణ్యకశిపుడి తరఫున వాదిస్తే ఆ ప్రదక్షిణలకు అర్థం ఏముంది?

అయితే మాట వినడమే తప్పా?

ఇక్కడిదాకా చదివి కొంతమంది “అదే మేమూ అంటున్నాం, ఎవరి మాటా వినక్కర్లేదు, నా లైఫ్ నా ఇష్టం” అనుకోవచ్చు. ఆగండి. కథ సగమే అయింది.

శుక్రవారం రాత్రి ఎల్బీ నగర్‌లో కోదాడ బస్సు ఎక్కే పిల్లల్ని చూడండి. ఫోన్లో అమ్మ ఏమంటుంది? “ఎక్కినవా? చేరంగనే ఫోన్ చెయ్.” వ్యాకరణం ప్రకారం అది ఆజ్ఞ. కానీ దాని లోపల ఉన్నది ఏమిటో మనకు తెలుసు. బస్సు దిగి మనం ఫోన్ చేయకపోతే అమ్మ కేసు పెట్టదు, ఆస్తి రాసివ్వనని బెదిరించదు. నిద్రపోకుండా కూర్చుంటుంది, అంతే. అందుకే ఫోన్ చేస్తాం. భయంతో కాదు, ఆమె మేలుకుని ఉంటుందని తెలుసు కాబట్టి.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. అమ్మ పుట్టినరోజున స్టేటస్‌లో ఫోటో పెట్టి “లవ్ యూ అమ్మా” అని రాసి, ఆమె పదిసార్లు చెప్పిన మోకాళ్ల నొప్పికి డాక్టర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లనివాడి ప్రేమ ఏ రకం ప్రేమ? ఫీలింగ్ ఉండొచ్చు. కానీ ఆ ఫీలింగ్‌కు చేతులూ కాళ్లూ లేవు. మాట వినడం అంటే ప్రేమకు చేతులూ కాళ్లూ రావడం.

దేవుడి దగ్గర కూడా మనం ఇదే చేస్తున్నాం. స్వామి రీల్ కనిపించగానే కళ్లు చెమరుస్తాయి, షేర్ కొడతాం. కానీ అబద్ధం ఆడొద్దు, ఇంకొకరి సొమ్ము ఆశించొద్దు, ఆకలిగా వచ్చినవాడికి ఇంత పెట్టు అని ఆ స్వామి చెప్పినదాని దగ్గరికి వచ్చేసరికి “అవన్నీ ఈ కాలంలో కుదరవండీ” అంటాం. ఇది ప్రేమ ఉండి మాట వినకపోవడం.

దీనికి పూర్తి రివర్స్‌లో ఇంకోటుంది, మన ఐటీ వాళ్లకు బాగా తెలుసు. ఆఫీసులో ఏడాదికోసారి కంప్లయన్స్ ట్రైనింగ్ వస్తుంది. వీడియో ప్లే చేసి, మ్యూట్‌లో పెట్టి, వేరే పని చేసుకుంటూ నెక్స్ట్, నెక్స్ట్ కొట్టి, చివర సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేస్తాం. రికార్డుల్లో మనం నూటికి నూరు శాతం మాట విన్నట్టే. లోపలికి మాత్రం ఏమీ వెళ్లలేదు. చాలామంది పూజ ఇలాగే నడుస్తుంది. ఇన్ని ప్రదక్షిణలు అన్నారా, అయిపోయాయి. ఇన్ని శనివారాలు అన్నారా, అయిపోయాయి. మరి స్వామితో మాట్లాడావా? లేదు. ఇది మాట విని ప్రేమ లేకపోవడం.

రెండూ కుంటివే. రెండు కాళ్లూ ఉంటేనే నడక.

భరతుడు ఓడిపోయిన రోజు

ఈ రెండు కాళ్ల నడక చూడాలంటే రామాయణంలో భరతుడి దగ్గరికి వెళ్లాలి.

అన్నను వెనక్కి తీసుకురావాలని భరతుడు చిత్రకూటం వెళ్లాడు. తల్లులు, గురువులు, మంత్రులు, సైన్యం, ఊరు ఊరంతా వెంట ఉంది. అతని ప్రేమలో ఎవరూ వంక పెట్టలేరు. రాజ్యం తనకొద్దన్నాడు. నీ బదులు నేను అడవిలో ఉంటానన్నాడు. చివరికి దర్భలు పరుచుకుని రాముడి పర్ణశాల ముందు బైఠాయించాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ధర్నా. నువ్వు రాకపోతే ఇక్కడి నుంచి కదలను అన్నాడు.

గమనించారా? ఆ క్షణంలో భరతుడి ప్రేమ కూడా “నాపై ప్రేమ ఉంటే నా మాట విను” అనే దగ్గరికి వచ్చింది. ఎంత స్వచ్ఛమైన ప్రేమైనా ఒక్కోసారి ఇక్కడిదాకా వస్తుంది. తనకు నచ్చినట్టు అవతలివాళ్లు మంచిగా ఉండాలని పట్టుబడుతుంది.

రాముడు లొంగలేదు. కోప్పడనూ లేదు. నాన్న ఇచ్చిన మాట నిలబెట్టాలి, నువ్వూ నేనూ ఇద్దరం నిలబెట్టాలి అని నచ్చజెప్పాడు. అప్పుడు భరతుడు పాదుకలు ముందు పెట్టి, వాటి మీద అడుగు పెట్టి ఇవ్వమని అడిగాడు. అంటే ఏమిటి? తాను అనుకున్నది జరగలేదు. కానీ ప్రేమను వెనక్కి తీసుకోలేదు. ఆ ప్రేమను అన్న చెప్పిన పనిలోకి మళ్లించాడు.

అయోధ్యకు వెళ్లి సింహాసనం ఎక్కలేదు, నందిగ్రామంలో ఉన్నాడు. నారచీరలు కట్టి, జటలు పెంచి, పాదుకలకు గొడుగు పట్టి, రాజ్యంలో ఏ పని వచ్చినా ముందు వాటికి విన్నవించి పద్నాలుగేళ్లు నడిపాడు. భావోద్వేగంతో పద్నాలుగు నిమిషాలు ఏడవడం ఎవరికైనా వస్తుంది. ఇష్టం లేని పనిని, ఇష్టమైనవాడి కోసం, పద్నాలుగేళ్లు రోజూ పొద్దున్నే లేచి చేయడం ఉంది చూడండి, ప్రేమ కొలత అక్కడ తెలుస్తుంది.

ఇక రాముడి వైపు చూడండి. వనవాసం ముగిసి వస్తూ నేరుగా ఊళ్లోకి రాలేదు. భరద్వాజుడి ఆశ్రమం దగ్గర ఆగి హనుమంతుణ్ని ముందు పంపాడు. నేను వస్తున్నానని చెప్పు, అప్పుడు భరతుడి ముఖం ఎలా ఉందో చూసి రా అన్నాడు. ఇన్నేళ్లు పాలించాక అతనికే రాజ్యం మీద ఇష్టం కలిగి ఉంటే అతనే ఏలుకోనీ అన్నది ఆయన ఆలోచన. పద్నాలుగేళ్లు తన మాట విన్న తమ్ముడి మీద కూడా బలవంతం పెట్టలేదు. మాట వినమని అడిగే అర్హత ఇలాంటివాళ్లకే ఉంటుంది.

గీత చివర్లో ఏం జరిగింది

గీత అంటే దేవుడు ఆర్డర్ వేయడం, అర్జునుడు యుద్ధం చేయడం అనుకుంటారు చాలామంది. పద్దెనిమిదో అధ్యాయం చివర్లో జరిగిన వరుస చూడండి.

అంతా చెప్పాక 63వ శ్లోకంలో కృష్ణుడు ఏమంటాడంటే, నేను చెప్పాల్సింది చెప్పాను, పూర్తిగా ఆలోచించుకో, ఆ తర్వాత నీకు ఎలా అనిపిస్తే అలా చెయ్ అంటాడు. రథం ఆయన చేతిలో ఉంది. విశ్వరూపం చూపించి అప్పటికే గడగడలాడించాడు. కావాలంటే ఒక్క మాటతో చేయించగలడు. అయినా నిర్ణయం అర్జునుడికే వదిలేశాడు.

దాని వెంటనే 64వ శ్లోకంలో, నువ్వంటే నాకు చాలా ఇష్టం, అందుకే నీ మేలు కోరి చెబుతున్నాను అంటాడు. ముందు స్వేచ్ఛ, తర్వాత ప్రేమ, ఆ తర్వాతే నన్ను శరణు వేడు అనే మాట. ఇవన్నీ అయ్యాక 73వ శ్లోకంలో అర్జునుడు, నా సందేహాలు పోయాయి, నువ్వు చెప్పినట్టే చేస్తాను అంటాడు.

అర్జునుడు చివర్లో అన్న ఆ మాటే మొదటి అధ్యాయంలో అని ఉంటే? అది భయం అయ్యేది, లేదా మొహమాటం అయ్యేది. పద్దెనిమిది అధ్యాయాలు ప్రశ్నలు అడిగి, వాదించి, భయపడి, చివరికి ఇష్టపడి అన్నాడు కాబట్టి అది భక్తి అయింది. ప్రశ్న అడిగితే భక్తి తగ్గిపోతుందని ఎవరైనా మీతో అంటే గీత మొత్తం ప్రశ్నల మీదే నడిచిందని గుర్తు చేయండి.

పక్కింటి చర్చిలో కూడా

మన మూడు ఊళ్లలోనూ గుడి గంట, మసీదు బాంగు, చర్చి పాట ఒకే వీధిలో వినిపిస్తాయి. 1976 నుంచి నల్గొండ కేంద్రంగా క్యాథలిక్ మేత్రాసనం ఉంది. బాప్టిస్టు మిషన్ ఈ జిల్లాకు వచ్చి నూరేళ్లు దాటింది. మనతో చదువుకున్నవాళ్లలో, మన టీమ్‌లో పనిచేసేవాళ్లలో క్రైస్తవులున్నారు. వాళ్లకు కూడా ఇదే ప్రశ్న ఉంది. వాళ్ల గ్రంథం దీన్ని ఎలా చూసిందో తెలుసుకోవడంలో మనకు పోయేదేమీ లేదు.

యోహాను సువార్తలో యేసు చనిపోయే ముందు రాత్రి ఒక వరుసలో జరిగిన సంగతులున్నాయి. పదమూడో అధ్యాయంలో ఆయన లేచి, నడుముకు తువ్వాలు కట్టుకుని, శిష్యుల పాదాలు కడిగాడు. గురువు శిష్యుల కాళ్లు కడగడమేంటని ఒక శిష్యుడు వద్దన్నాడు కూడా. ఆ తర్వాతి అధ్యాయంలోనే, నన్ను ప్రేమిస్తే నేను చెప్పినట్టు నడుచుకుంటారు అనే అర్థంలో మాట్లాడాడు. ఆ తర్వాతి అధ్యాయంలో, మిమ్మల్ని ఇక సేవకులు అనను, స్నేహితులు అంటాను అన్నాడు. ఆయన చెప్పిన ముఖ్యమైన ఆజ్ఞ ఏంటంటే, నేను మిమ్మల్ని ప్రేమించినట్టు మీరు ఒకరినొకరు ప్రేమించుకోండి అని. అంటే ముందు కాళ్లు కడిగాడు, తర్వాతే మాట వినమన్నాడు. వినమన్న మాట కూడా ప్రేమే.

మత్తయి సువార్తలో ఒక చిన్న కథ కూడా ఉంది. ఒక తండ్రి ఇద్దరు కొడుకుల్నీ ద్రాక్షతోటలో పనికి వెళ్లమంటాడు. మొదటివాడు పోను అంటాడు, తర్వాత మనసు మార్చుకుని వెళ్తాడు. రెండోవాడు వెళ్తానండీ అంటాడు, కానీ వెళ్లడు. తండ్రి మాట విన్నది ఎవరు? చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. మన నెక్స్ట్ బటన్ భక్తి ఆ రెండో కొడుకు లాంటిదే.

రెండు మతాల దారులు వేరు, తత్వాలు వేరు. అన్నీ ఒకటే అని కలిపేయాలని నేను అనడం లేదు. కానీ ఈ ఒక్క విషయంలో గీతలో రథం మీద ఉన్నవాడూ, ఆ రాత్రి తువ్వాలు కట్టుకున్నవాడూ ఒకే వరుస పాటించారు. ముందు తాను ప్రేమించడం, తర్వాత అడగడం, నిర్ణయం అవతలివాడికే వదలడం.

రామదాసు పోట్లాట

ఇంకో అపోహ ఉంది. మాట వినడమంటే నోరు మూసుకోవడం అని. కోదాడ నుంచి ఖమ్మం రోడ్డు పట్టుకుంటే నేలకొండపల్లి వస్తుంది. భద్రాచల రామదాసు, అంటే కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. గోల్కొండ తానీషా కాలంలో పాల్వంచ తహసీల్దారుగా ఉండి, భద్రాద్రి రాముడికి గుడి కట్టించి, ఖజానా సొమ్ము లెక్క చెప్పలేక జైల్లో పడ్డాడు. పన్నెండేళ్లు గోల్కొండ చెరలో ఉన్నాడని చెబుతారు.

ఆ చెరలో ఆయన చేసిన కీర్తనలు మీరు వినే ఉంటారు. బతిమాలాడు, ఏడ్చాడు. ఏ నగకు ఎంతైందో లెక్కలు చెప్పి మరీ రాముణ్ని నిలదీశాడు. తిట్టాడు, తిట్టినందుకు మళ్లీ తానే బాధపడ్డాడు. కానీ ఒక్కటి చేయలేదు. రాముణ్ని వదల్లేదు. ఆ పోట్లాటను మన పెద్దలు దైవదూషణ అనలేదు. గుళ్లో పాడుకున్నారు, పిల్లలకు నేర్పారు.

అంటే ప్రేమతో వినే మాటలో కోపానికి కూడా చోటుంది. భయంతో వినే మాటలోనే కోపానికి చోటుండదు. మీ ఇంట్లో, మీ ఆఫీసులో, మీ గురువు దగ్గర, మీరు “నాకిది బాధగా ఉంది” అని చెప్పగలుగుతున్నారా? చెప్పాక కూడా ఒడి ఒడిగానే ఉందా? ఉంటే అది మంచి చోటు.

ఎలా గుర్తుపట్టాలి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఎవరైనా “ప్రేమ ఉంటే నా మాట విను” అన్నప్పుడు మూడు సంగతులు చూసుకోండి.

ఒకటి, అడిగేవాళ్లు ముందు ఏం ఇచ్చారు? మన కోసం రాత్రులు మేలుకున్నారా, కాళ్లు కడిగారా, మన బాగు కోసం తాము ఏమైనా వదులుకున్నారా? అలా అయితే వాళ్ల మాటకు బరువుంది. నచ్చకపోయినా కూర్చుని వినాలి. మన అమ్మానాన్నల్లో ఎక్కువమంది ఈ లెక్కలోకే వస్తారు. వాళ్ల మాట తీసిపారేయడం స్వేచ్ఛ అనిపించుకోదు, తొందరపాటు అనిపించుకుంటుంది.

రెండు, అడుగుతున్నది ఎవరి మేలు? మన మేలా, లేక వాళ్ల పరువా? “నలుగురూ ఏమనుకుంటారు” అనే మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి. కృష్ణుడు అర్జునుడితో నీ మేలు కోరి అన్నాడు. హిరణ్యకశిపుడి బాధ తన శత్రువు పేరు తన ఇంట్లో వినిపిస్తోందని.

మూడు, అన్నిటికంటే ముఖ్యం, కాదంటే ఏమవుతుంది? బాధపడతారా, కొన్నాళ్లు మాట్లాడటం మానేస్తారా? అది మనుషుల సహజం, కాలం మాన్పుతుంది. బెదిరిస్తారా, కొడతారా, బంధిస్తారా, చంపుతామంటారా? అప్పుడు అది ప్రేమ పేరు పెట్టుకున్న హింస. దాని ముందు మౌనంగా ఉండమని ఏ శాస్త్రమూ చెప్పదు. అలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒంటరిగా భరించకండి. నమ్మకమైన మనిషికి చెప్పండి, 100కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. మహిళలకు 181 ఉంది. సాయం అడగడం భక్తికి విరుద్ధం కాదు. గజేంద్రుడు కూడా గట్టిగా పిలిచాకే స్వామి పరుగెత్తుకొచ్చాడు.

ఈ మూడు ప్రశ్నలనూ అవతలివాళ్ల మీదే కాదు, మన మీద కూడా వేసుకోవాలి. రేపు మనమూ తల్లిదండ్రులమవుతాం, టీమ్ లీడ్‌లమవుతాం. నచ్చని జవాబు వచ్చినప్పుడు మన ఒడి ఏమవుతుందో అప్పుడు తెలుస్తుంది.

ఈ వారం చేయగలిగింది

వినేసి వదిలేస్తే మనం రెండో కొడుకు లిస్టులో చేరతాం కాబట్టి చిన్న పని చెప్పుకుందాం. స్వామి చెప్పిన వాటిలో మీకు కష్టమనిపించేది ఒక్కటి తీసుకోండి. అబద్ధం చెప్పకపోవడం కావచ్చు, ఒకరిని క్షమించడం కావచ్చు, ఇంట్లో పనిచేసే మనిషిని గౌరవంగా పిలవడం కావచ్చు. వారం రోజులు అది చేయండి. మొక్కుగా కాదు, దానికి బదులు ఏమీ అడక్కుండా చేయండి. రోజూ పడుకునే ముందు రెండు నిమిషాలు స్వామితో మాట్లాడండి. ఆ రోజు చేయలేకపోతే చేయలేకపోయానని చెప్పండి. కోపమొస్తే కోపమొచ్చిందని చెప్పండి. ఆయన వింటాడు.

వాడపల్లి దీపాలు గుర్తున్నాయా? పైన కదిలే దీపం మన ప్రేమ లాంటిది. ఒకరోజు ఉవ్వెత్తున లేస్తుంది, ఒకరోజు సన్నగిల్లుతుంది. కింద కదలని దీపం రోజూ చేసే పని లాంటిది. మనసు బాలేని రోజు కూడా అది వెలుగుతూ ఉంటుంది. ఒకే గర్భగుడిలో రెండూ ఉన్నాయి.

ప్రహ్లాదుడి కథలో ఒక ముక్క మిగిలింది. హిరణ్యకశిపుడు పోయాక కూడా స్వామి ఉగ్రం తగ్గలేదు. దేవతలు దూరం నుంచే దండాలు పెట్టారు. లక్ష్మీదేవి సైతం ఆ రూపం చూసి దగ్గరికి రాలేకపోయింది. అప్పుడు బ్రహ్మ ప్రహ్లాదుణ్ని వెళ్లమన్నాడు. పిల్లాడు వెళ్లి పాదాల మీద పడ్డాడు. స్వామి చేయి చాచి అతని తల మీద పెట్టాడు. ఏం కావాలో కోరుకో అన్నాడు.

నాకేమీ వద్దన్నాడు ప్రహ్లాదుడు. ప్రతిఫలం కోసం సేవ చేసేవాడు సేవకుడు కాదు, వ్యాపారి అన్నాడు. ఏ కోరికా నా మనసులో మొలకెత్తకుండా చూడు, చాలు అన్నాడు. తర్వాత ఒకే ఒక్కటి అడిగాడు. మా నాన్న నీ గొప్పతనం తెలియక నిన్ను తిట్టాడు, నన్ను బాధపెట్టాడు, ఆయన పాపం పోయేలా చెయ్ అన్నాడు.

తండ్రి చెప్పిన తప్పు మాట వినలేదు. తండ్రిని ప్రేమించడం మాత్రం మానలేదు. విసిరేసిన ఒడి కోసం కూడా వరం అడిగాడు.

ఈసారి ఉండ్రుగొండకో మట్టపల్లికో వాడపల్లికో వెళ్లినప్పుడు స్వామి గోళ్లనే కాదు, ఆ పిల్లాడి తల మీదున్న చేతినీ తలుచుకోండి.

స్వామి మనందరినీ చల్లగా చూడాలి. వచ్చే వీడియోలో కలుద్దాం. జై నరసింహ.